నిదానమే ప్రధానం

'నిదానమే ప్రధానం' అన్నది తెలుగువారి నోట తరచుగా వినిపించే సామెత. తొందరపాటు పనికిరాదని, నెమ్మదిగా ఆలోచించి అడుగు వేయాలని దాని భావం. అయితే నిదానం అనే పదానికి శాస్త్రంలో మరొక అర్థం కూడా ఉంది. వ్యాధికి మూలమైన కారణాన్ని, ఆ కారణాన్ని నిర్ణయించే పద్ధతిని ఆయుర్వేదం నిదానం అని పిలిచింది. మాధవకరుడు రచించిన 'మాధవ నిదానం' కేవలం రోగనిర్ణయాన్ని వివరించడానికే వెలసిన ప్రసిద్ధ గ్రంథం. మందు ఇవ్వడం కంటె ముందు జబ్బేమిటో తెలియాలి. ఈ సూత్రం మనిషి శరీరానికే కాదు, మనిషి నిర్మించిన యంత్రానికి కూడా వర్తిస్తుంది. అర్ధశతాబ్దం దాటిన ఒక పాత కారు ఇంజను అకారణంగా వణకుతున్నప్పుడు, ఆ వణుకుకు మూలం కనిపెట్టే విధానంలో నిదానం అనే పదానికి ఉన్న రెండు అర్థాలూ సార్థకమవుతాయి.

మొదటిసారి రిజిస్టరు అయిన నాటి నుంచి 50 సంవత్సరాలు దాటి, మౌలిక రూపం మారకుండా నిలిచిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను 'వింటేజ్' వాహనాలుగా గుర్తిస్తూ కేంద్ర ప్రభుత్వం 2021లో మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. వింటేజ్ కారు అనగానే హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో భద్రపరచిన నిజాం ప్రభువుల రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ వంటి రాజవాహనాలు స్ఫురిస్తాయి. కాని సామాన్యుల జీవితంతో పెనవేసుకున్న పాత కార్లు వేరు. ఇంగ్లండుకు చెందిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను అనుసరించి హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1957లో అంబాసిడర్ కారును ప్రవేశపెట్టింది. ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాతో రూపొందిన ప్రీమియర్ పద్మిని దానికి పోటీగా నిలిచింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేవరకు మన రోడ్లపై ప్రధానంగా కనిపించినవి ఈ రెండే. పద్మిని తయారీ ఈ శతాబ్ది ఆరంభంలోనే ముగిసింది. 2014లో అంబాసిడర్ తయారీ కూడా నిలిచిపోయింది.

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతానికి యంత్రాల సవ్వడి కొత్తది కాదు. నల్లరేగడి నేలల్లో పండిన పత్తి ఆదోని జిన్నింగు మిల్లులకు చేరుతుంది. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఎమ్మిగనూరుకు పేరు తెచ్చింది. మగ్గం చప్పుడులో కలిగిన చిన్న మార్పును విని పోగు ఎక్కడ తెగిందో చెప్పగలవాడు నేతగాడు. యంత్రం మోతలోని తేడాను బట్టి ఏ బేరింగు అరిగిందో పసిగట్టగలవాడు మిల్లు మెకానిక్కు. చెవితో, చేతితో యంత్రాన్ని పరీక్షించే ఈ విద్య ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం వంటి ఊళ్లలో పాత కార్లను బాగుచేసేవారికీ అవసరమైనదే. ఎందుకంటే ఆ కార్లలో తమ లోపాన్ని తామే చెప్పుకొనే పరికరాలేవీ లేవు.

ఇంజను కంపనానికి కారణం గుర్తించాలంటే, ముందుగా ఆరోగ్యంగా ఉన్న ఇంజను కూడా ఎందుకు కంపిస్తుందో తెలుసుకోవాలి. అంబాసిడర్‌లోనూ పద్మినిలోనూ ఉన్నది నాలుగు సిలిండర్ల ఇంజను. ప్రతి సిలిండరులోనూ గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పీల్చడం, దానిని అదమడం, మండించడం, పొగను బయటికి నెట్టడం అనే నాలుగు క్రియలు వరుసగా జరుగుతాయి. ఈ నాలుగు క్రియలు పూర్తి కావడానికి క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరగాలి. అంటే రెండు చుట్లలో ఒక్కొక్క సిలిండరు ఒక్కొక్కసారి మండుతుంది. ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే క్రమంలో సమాన వ్యవధితో ఈ దహనం సాగుతుంది. కారు నిలిచి ఉండగా ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, సెకనుకు 10 చుట్లు, 20 దహనాలు అవుతాయి. ఆ ఇరవై తోపులూ సమానంగా ఉంటే శరీరానికి అవి విడివిడిగా తెలియవు. ఒక సన్నని గుంజారవం మాత్రమే వినిపిస్తుంది.

దహనంతో సంబంధం లేని కంపనం మరొకటి ఉంది. రెండు పిస్టన్లు పైకి వెళ్లేటప్పుడు మరి రెండు కిందికి దిగుతాయి కాబట్టి అవి పరస్పరం సమతూకంలో ఉంటాయని తోచవచ్చు. అది పూర్తిగా నిజం కాదు. పిస్టనును క్రాంక్‌షాఫ్టుతో కలిపే కనెక్టింగ్ రాడ్డు వాలడం వల్ల, క్రాంకు పై నుంచి పావుచుట్టు తిరిగేసరికి పిస్టను సగం కంటె ఎక్కువ దూరం దిగివస్తుంది. పైనున్న పిస్టను వేగానికీ కిందనున్న పిస్టను వేగానికీ ఏర్పడే ఈ తేడా వల్ల చుట్టుకు రెండుసార్లు ఇంజను పైకీ కిందికీ అదురుతుంది. దీనిని నివారించడానికి ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్, క్రాంక్‌షాఫ్టు కంటె రెట్టింపు వేగంతో ఎదురెదురు దిశలలో తిరిగే రెండు కడ్డీలను అమర్చే ఉపాయం కనిపెట్టాడు. ఒకే వరుసలో ఆరు సిలిండర్లు గల సిల్వర్ ఘోస్ట్ వంటి ఇంజన్లలో ఈ బలాలు వాటంతట అవే రద్దవుతాయి. సామాన్యమైన నాలుగు సిలిండర్ల కారుకు ఆ భాగ్యం లేదు. 1931లో అమెరికాలోని ప్లిమత్ కారులో ఇంజనును రబ్బరు దిమ్మెలపై తేలియాడేటట్లు నిలిపి, కంపనం కారు శరీరానికి చేరకుండా చేశారు. అటువంటి రబ్బరు మౌంటింగులే తరువాతి తరాల కార్లన్నిటికీ ఆధారమయ్యాయి. కాబట్టి పాత కారులో కొద్దిపాటి అదురు దోషం కాదు. అది దాని స్వభావం. నిన్నటి వరకు లేని వణుకు నేడు కనిపిస్తే మాత్రం అది వ్యాధి లక్షణం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కౌతాళంలో ఒక ఇంట 1970 నాటి అంబాసిడర్ కారు ఉన్నదనుకుందాం. కొన్ని నెలలు వాడకుండా ఉంచిన ఆ కారును ఆదోనికి తీసుకువెళ్లడానికి బయటికి తీశారు. ఇంజను కదిలింది. కాని కారు నిలిచిన చోటనే వణకసాగింది. అద్దాలు గలగలలాడుతున్నాయి, గేరు కడ్డీ ఊగుతున్నది. ఇంజను అరిగిపోయిందని, విప్పి బోరు చేయించక తప్పదని ఒకరి సలహా. ఇంత ఖర్చు పెట్టడం కంటె పాత ఇనుముకు అమ్మివేయడం మేలని మరొకరి మాట. ఈ రెండు సలహాలలో ఒకటి నిజమే కావచ్చు. అయినా కారణం తెలియకుండా ఇంజను విప్పడం ప్రమాదకరం. దశాబ్దాలుగా బిగిసి ఉన్న బోల్టులు విరగవచ్చు. బాగున్న గ్యాస్కెట్లు చిరగవచ్చు. తయారీ ఆగిపోయిన కారుకు సరైన విడిభాగాలు దొరకడం కష్టం. అనవసరంగా విప్పిన ఇంజను మళ్లీ మునుపటి స్థితికి రాకపోవచ్చు. అందువల్ల ఏ భాగాన్నీ విప్పకుండా తెలుసుకోగలిగినదంతా ముందుగా తెలుసుకోవాలి.

కంపనం ఎక్కడ పుడుతున్నదన్నది మొదటి ప్రశ్న. కారు కదలకుండా ఉన్నప్పుడే వణుకు ఉంటే అది చక్రాలది కాదు. నిలిచి ఉన్నప్పుడు ప్రశాంతంగా ఉండి, ఒకానొక వేగం వద్ద మాత్రమే అదురు వస్తే అనుమానం రెండువైపులా పోతుంది. అప్పుడు అనుభవజ్ఞుడైన డ్రైవరు రద్దీ లేని తిన్నని రోడ్డుపై, ఇంజనును ఆపకుండా, అదే వేగం వద్ద కొద్దిసేపు గేరును న్యూట్రలులోకి తెచ్చి చూస్తాడు. అదురు మాయమైతే మూలం ఇంజనులో ఉంది. కొనసాగితే చక్రాలలోనో, వెనుక ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టులోనో ఉంది. వీటిని లయను బట్టి కూడా వేరు చేయవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అంబాసిడర్ చక్రం సెకనుకు సుమారు 8 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు దానికి నాలుగు రెట్లకు పైగా తిరుగుతుంది. చక్రం దోషం స్టీరింగును ఊపుతుంది. షాఫ్టు దోషం కాళ్ల కింద నేలను జుమ్మనిపిస్తుంది.

కౌతాళం కారు నిలిచిన చోటనే వణకుతున్నది కాబట్టి దోషం ఇంజను వైపే ఉంది. రెండవ ప్రశ్న లయకు సంబంధించినది. వెనుక సైలెన్సరు గొట్టానికి కొంచెం దూరంగా ఒక కాగితం పట్టుకుంటే, ఆరోగ్యమైన ఇంజను దానిని ఒకే తీరున నెడుతుంది. మధ్యమధ్య ఒక తోపు తప్పిపోతుంటే ఏదో ఒక సిలిండరు మండడం లేదని అర్థం. మెకానిక్కులు దీనినే మిస్సింగు అంటారు. నిమిషానికి 600 చుట్ల వేగంలో ఒక సిలిండరు పనిచేయకపోతే సెకనుకు ఐదుసార్లు శక్తి లోపిస్తుంది. ఇరవై సమాన తోపులను గుర్తించలేని శరీరం ఆ ఐదు లోపాలను స్పష్టంగా గుర్తిస్తుంది. కారు వణకుతున్నదని అనిపించేది అందుకే.

పనిచేయని సిలిండరు ఏది? ఇక్కడ ఆయుర్వేదం చెప్పిన మరొక పద్ధతిని స్మరించుకోవచ్చు. లక్షణాలతో వ్యాధి తేలనప్పుడు ఆహారంలోనో ఔషధంలోనో ఒక మార్పు చేసి, రోగి స్థితి ఎలా మారుతుందో గమనించే పద్ధతికి ఉపశయం అని పేరు. ఇంజను విషయంలో మెకానిక్కు చేసేది అదే. ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క ప్లగ్గుకు వచ్చే తీగను ఒక్కొక్కటిగా వేరు చేసి, వెంటనే తిరిగి కలుపుతాడు. ఈ తీగలలో వేల వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి విద్యుత్తు సోకని పట్టుకారు లేకుండా, నేర్పు లేకుండా ఈ పని చేయరాదు. బాగా పనిచేస్తున్న సిలిండరు తీగను తీస్తే ఇంజను వేగం పడిపోతుంది, వణుకు పెరుగుతుంది. తీగ తీసినా ఏ మార్పూ లేకపోతే ఆ సిలిండరు ముందునుంచే నిద్రపోతున్నదన్నమాట. కౌతాళం కారులో మూడవ సిలిండరు తీగను తీసినప్పుడు ఏ మార్పూ కనిపించలేదనుకుందాం.

దోషం ఏ సిలిండరులో ఉందో తెలిసింది. ఇక కారణం తేలాలి. ప్లగ్గు చెడిపోయి ఉండవచ్చు, తీగ చెడిపోయి ఉండవచ్చు, లోపల వాల్వు కాలిపోయి ఉండవచ్చు. ఇంజనును ఆపి మూడవ ప్లగ్గును రెండవ సిలిండరుకు, రెండవ ప్లగ్గును మూడవ సిలిండరుకు మార్చి చూడాలి. దోషం రెండవ సిలిండరుకు మారితే నేరం ప్లగ్గుది. అలా మారకుండా మూడవ సిలిండరు వద్దనే ఉండిపోయిందనుకుందాం. ప్లగ్గు నిర్దోషి. తరువాత ఆ రెండు సిలిండర్ల తీగలను మాత్రం ఒకదానికొకటి మార్చి, డిస్ట్రిబ్యూటరు నుంచి వెళ్లే క్రమం తప్పకుండా అమర్చాలి. ఈసారి మూడవ సిలిండరు మేలుకొని, రెండవది నిద్రలోకి జారుకుంటే నేరం తీగదని తేలిపోతుంది. తీగను పరిశీలిస్తే, కారు వాడుకలో లేని నెలల్లో ఎలుకలు దాని పై పొరను కొరికిన గుర్తు కనిపించవచ్చు. ఆ చోటనుంచి విద్యుత్తు ప్లగ్గును చేరకుండా పక్కనున్న ఇనుములోకి దూకుతున్నది. చీకటిలో చూస్తే ఆ నీలి మెరుపు కంటికి కూడా కనిపిస్తుంది. ఇంజను విప్పవలసిన అవసరం గాని, పాత ఇనుముకు అమ్మవలసిన అవసరం గాని లేదు. మార్చవలసినది జానెడో మూరెడో ఉన్న ఒక్క తీగ.

అన్నివేళలా కారణం ఇంత స్వల్పంగా ఉండదు. తీగను మార్చినా దోషం మూడవ సిలిండరును వీడకపోతే పరీక్ష మరింత లోతుకు వెళ్లాలి. బయటికి తీసిన ప్లగ్గు కొన సిలిండరు లోపలి స్థితికి అద్దం పడుతుంది. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి చిహ్నం. పొడిగా ఉన్న నల్లని మసి పెట్రోలు ఎక్కువైనదని చెబుతుంది. నూనె తడి ఉంటే ఇంజను ఆయిలు లోపలికి చేరుతున్నదని తెలుస్తుంది. తెల్లబారిన కొన గాలి ఎక్కువైనదని, వేడి హద్దు మీరినదని హెచ్చరిస్తుంది. కార్బురేటరును దాటి మానిఫోల్డు అతుకుల వద్ద గాలి చొరబడుతుంటే రబ్బరు గొట్టం ఒక కొసను చెవి వద్ద ఉంచుకొని, రెండవ కొసను అతుకుల వెంట జరిపితే సన్నని ఈల వినిపిస్తుంది.

ఆ తరువాత కంప్రెషను పరీక్ష. ప్లగ్గులన్నీ తీసి, ఒక్కొక్క సిలిండరుకు గేజి అమర్చి, ఇంజనును స్టార్టరుతో తిప్పి, లోపలి పీడనాన్ని కొలుస్తారు. ఇక్కడ అంకెల పరిమాణం కంటె వాటి సమానత్వం ముఖ్యం. మూడు సిలిండర్లలో 120 చొప్పున, ఒకదానిలో 80 ఉన్నదనుకుంటే, ఆ సిలిండరులో పీడనం ఎక్కడో కారిపోతున్నది. ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే పిస్టను రింగులు అరిగాయని అర్థం. ఆయిలు ఆ సందును తాత్కాలికంగా మూస్తుంది. అంకె పెరగకపోతే వాల్వును అనుమానించాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలోనూ పీడనం తగ్గితే వాటి నడుమ హెడ్ గ్యాస్కెట్ చిరిగి ఉండవచ్చు. వాల్వు పూర్తిగా మూసుకోకపోవడానికి ట్యాపెట్ల ఎడం తగ్గిపోవడం కూడా ఒక కారణం. అందువల్ల ఆ ఎడాన్ని సరిచూసిన తరువాతనే హెడ్ విప్పే ఆలోచన చేయాలి.

నాలుగు సిలిండర్లూ సమానంగా పనిచేస్తున్నా కారు వణకవచ్చు. అప్పుడు అనుమానం దహనం నుంచి ఆధారాల వైపు మరలాలి. రాయలసీమ ఎండలకు, ఇంజను వేడికి రబ్బరు మౌంటింగులు గట్టిపడి పగులుతాయి. కారుతున్న ఆయిలు సోకితే మెత్తబడి కుంగుతాయి. రెండు స్థితులలోనూ అవి కంపనాన్ని ఆపలేవు. ఫ్యాను రెక్క ఒకటి వంగినా, విరిగినా సమతూకం చెడుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను బెల్టు తీసివేసి అర నిమిషం మాత్రం నడిపితే ఆ విషయం తేలుతుంది. క్లచ్చు నొక్కగానే అదురు తగ్గితే క్లచ్చు ప్లేటు వైపు, గేరుబాక్సు వైపు చూడాలి. ఒక్కొక్కసారి ఇంజనును మరీ తక్కువ వేగంతో తిరిగేటట్లు సవరించడమే వణుకుకు కారణమవుతుంది.

కాలంతోపాటు కొత్త కారణాలు కూడా పుడుతున్నాయి. 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతటా విస్తృతంగా అమ్మకంలోకి వచ్చింది. పాత కార్లలోని రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు ఇథనాల్‌ను దృష్టిలో ఉంచుకొని తయారైనవి కావు. అది వాటిని త్వరగా దెబ్బతీయవచ్చు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో నిలిచిన పెట్రోలు కూడా ఇంజనును తడబడేటట్లు చేస్తుంది.

అన్నిటికంటె చివర అనుమానించవలసినవి క్రాంక్‌షాఫ్టు బేరింగులు. వాటి దోషం వణుకుగా కంటె లోతైన తాడన శబ్దంగా ముందు బయటపడుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత ఆయిలు పీడనం పడిపోవడం దానికి తోడైన లక్షణం. మెకానిక్కులు పొడవైన స్క్రూడ్రైవరు కొనను తిరిగే భాగాలకు దూరంగా ఇంజను గోడకు ఆనించి, పిడిని చెవికి చేర్చి ఈ శబ్దం పుట్టిన చోటును వెదకుతారు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టుకకు అదే నాంది. మెకానిక్కు చేతిలోని స్క్రూడ్రైవరు కూడా ఆ క్షణంలో స్టెతస్కోపే అవుతుంది.

ఈ పరీక్షల క్రమంలో ఒక నియమం ఉంది. ఖర్చు లేనివి ముందు, ఖర్చుతో కూడినవి తరువాత. బయటివి ముందు, లోపలివి తరువాత. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. ప్లగ్గును, తీగను, కార్బురేటరు సవరణను ఒకేసారి మార్చివేస్తే వణుకు తగ్గినా కారణం తెలియదు. కారణం తెలియని నయం తాత్కాలికమే. చేసిన ప్రతి మార్పును, దాని ఫలితాన్ని రాసిపెట్టుకుంటే, తరువాత వచ్చే దోషానికి ఆ కాగితమే మార్గదర్శకమవుతుంది.

ఆధునిక కార్లలో సెన్సార్లు ఏ సిలిండరు తప్పుతున్నదో కంప్యూటరుకు చెబుతాయి. ఆ సౌకర్యం హర్షించదగినదే. కాని పాత కారు వద్ద అడగడానికి కంప్యూటరు లేదు. అంబాసిడర్, పద్మిని కార్లు తగ్గిపోతున్నకొద్దీ వాటిని వినడం నేర్చిన మెకానిక్కుల సంఖ్య కూడా తగ్గుతున్నది. వారి విద్యలో చాలా భాగం ఏ పుస్తకంలోనూ లేదు. పక్కన నిలబడి చూసిన శిష్యులకే అది సంక్రమించింది. ఒక పాత కారు నిలిచిపోతే నష్టం ఒక కుటుంబానికి. ఆ విద్య నిలిచిపోతే నష్టం సమాజానికి. లక్షణాన్ని చూసి బెదరక, కారణాన్ని వెదకి, ఒక్కొక్క అనుమానాన్ని పరీక్షతో తొలగించుకుంటూ సత్యానికి చేరడం ఆ విద్యకు ప్రాణం. వైద్యుడికైనా, మెకానిక్కుకైనా, ప్రయోగశాలలో నిలిచిన విద్యార్థికైనా అనుసరించవలసిన మార్గం అదే. చేయి ఆడించే ముందు చెవి ఒగ్గడం, విప్పే ముందు విచారించడం అలవరచుకున్నవారికి నిదానమే ప్రధానమన్న మాటలోని రెండు అర్థాలూ బోధపడతాయి.